ఎండ తాగలేదు, ఎక్కడో కారుతోంది

అనంతపురంలో కొత్త కారు కొన్న మనిషి మార్చి దాటాక బానెట్ ఎత్తి చూస్తాడు. రిజర్వ్ ట్యాంకులో కూలెంట్ గీత కిందికి దిగి ఉంటుంది. పక్కనున్న పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే మాట ఒకటే: "ఎండకు ఇంకిపోయింటాదిలే, కాసిన్ని నీళ్లు పొయ్యి." ఈ నేల మీద ఆ మాట పుట్టడంలో వింతేమీ లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. దేశంలో అతి తక్కువ వర్షం పడే జిల్లాల్లో ఒకటని చిన్నప్పటి నుంచి పాఠాల్లో చదువుకున్నాం. కుంటలో నీళ్లు, తొట్టిలో నీళ్లు, చెరువులో నీళ్లు అన్నీ ఎండ తాగేస్తుంటే కారులో నీళ్లను మాత్రం ఎందుకు వదులుతుంది?

వదులుతుంది. ఎందుకంటే ఎండకు అక్కడికి దారి లేదు. ఇంజన్ చుట్టూ, రేడియేటర్ గుండా, మళ్లీ ఇంజన్‌లోకి తిరిగే కూలెంట్ బిగించి మూసిన వలయంలో ఉంటుంది. ఏళ్ల తరబడి తగ్గకుండా ఉండేలా దాన్ని తయారు చేస్తారు. తగ్గిందంటే ఎక్కడో దారి దొరికిందనే అర్థం. ఆ దారి వెతకకుండా పైనుంచి నీళ్లు పోయడం వల్ల ఏమవుతుందన్నది ఈ జిల్లావాళ్లు మరీ ముఖ్యంగా తెలుసుకోవాల్సిన విషయం. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు ఈ కూలెంట్ పనేమిటో చూద్దాం. మనం పోసిన పెట్రోలు ఇచ్చే శక్తిలో చక్రాలను తిప్పేది మహా అయితే మూడో వంతు. ఇంకో మూడో వంతు వేడిగా పొగగొట్టంలోంచి పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని కూలెంటే మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి అప్పగించాలి. కూలెంట్ అంటే సాధారణంగా సగం శుద్ధమైన నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్, వాటిలో తుప్పు పట్టనివ్వని కొద్దిపాటి రసాయనాలు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1856లో తయారుచేసిన గ్లైకాల్ 1920లలో కార్లలోకి వచ్చింది. చలిదేశాల్లో రేడియేటర్ నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పగలకుండా ఉండటానికి అది వాళ్లకు కావాల్సి వచ్చింది. సగం సగం కలిపితే సున్నాకు 37 డిగ్రీలు కిందికి పోయేదాకా గడ్డకట్టదు. మన పెనుకొండలో, ఉరవకొండలో ఆ గొడవ లేదు కదా, వట్టి నీళ్లు చాలవా అని అడిగేవాళ్లున్నారు. వేడిని మోయడంలో నిజానికి వట్టి నీళ్లదే పైచేయి. కానీ అవి త్వరగా మరుగుతాయి, అల్యూమినియాన్ని తినేస్తాయి. మనకు గ్లైకాల్ కావాల్సింది మరగకుండా ఉండటానికి, దాంతోపాటు వచ్చే రసాయనాలు కావాల్సింది లోహాన్ని కాపాడటానికి.

మరిగే సంగతిలో అసలు మొనగాడు మూత. ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే రేడియేటర్ మూత కూడా చేస్తుంది: లోపల ఒత్తిడిని పట్టి ఉంచి, హద్దు దాటితే వదులుతుంది. చాలా కార్లలో ఆ హద్దు బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ. సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తున ఉన్న అనంతపురంలో గిన్నెలో నీళ్లు 99 డిగ్రీలకు కాస్త ముందే మరుగుతాయి. గ్లైకాల్ సగం కలిస్తే అది 107 దాకా పోతుంది. పైన ఒక బార్ ఒత్తిడి పడితే 125 దాటుతుంది. ఇంజన్ మామూలుగా నడిచేది 90 నుంచి 105 మధ్య. అంటే ఒత్తిడి ఉన్నంతకాలం ఇరవై డిగ్రీల పైచిలుకు వెసులుబాటు ఉంది. మూత రబ్బరు సరిగ్గా కూర్చోకపోయినా, ఏ పైపు దగ్గరో సన్నని సందు ఉన్నా ఆ వెసులుబాటు చేతిలోంచి జారిపోతుంది.

ఎండ పాత్ర ఇక్కడ వస్తుంది. రేడియేటర్ వదిలే వేడి, కూలెంట్‌కూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలుండి గాలి 25 ఉంటే తేడా 70. మే నెల మధ్యాహ్నం గాలి 43 ఉంటే తేడా 52. అదే రేడియేటర్, అదే ఫ్యాను, అదే వేగం. అయినా పని నాలుగో వంతు తగ్గిపోయింది. పైగా ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది కాబట్టి ఆ గాలి అప్పటికే మరింత వేడెక్కి లోపలికి వస్తుంది. అందుకే ఎండాకాలం ఫ్యాను ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. ఎండ కూలెంట్‌ను తాగదు. లోపల ఉన్న చిన్న లోపాన్ని దాచనివ్వదు, అంతే.

ఇప్పుడు కొత్త కారు సంగతి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంటు నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతంలో కార్ల తయారీ గురించి మాట్లాడేవాళ్లు ఇంటికొకరయ్యారు. ఏ కంపెనీ కారైనా సరే, నేటి అసెంబ్లీ లైన్లలో కూలెంట్‌ను జగ్గుతో పోయరు. ముందు యంత్రంతో లోపలి గాలిని లాగేస్తారు, ఆ శూన్యంలోకి కూలెంట్‌ను వదులుతారు. ఎంత లాగినా ఇంజన్ మూలల్లో, హీటర్ గొట్టాల్లో కొద్దిగా గాలి బుడగలు మిగిలిపోవచ్చు. కారు నడిచేకొద్దీ అవి పైకి వచ్చేస్తాయి, ఆ ఖాళీని కూలెంట్ నింపుతుంది, ట్యాంకులో మట్టం కొంచెం దిగుతుంది. మొదటి ఒకటి రెండు వేల కిలోమీటర్లలో ఒక్కసారి ఇలా దిగి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. నింపాక మళ్లీ దిగితే మాత్రం అది గాలి బుడగ కాదు.

మళ్లీ దిగిందా లేదా అని తేల్చుకోవడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. కూలెంట్ వేడికి వ్యాకోచిస్తుంది. ఆరు లీటర్ల కూలెంట్ తెల్లవారి చల్లదనం నుంచి పూర్తి వేడికి వచ్చేసరికి పావు లీటరు దాకా పెరుగుతుంది. సాయంత్రం బెంగళూరు నుంచి వచ్చి చూసిన గీతకూ, పొద్దున్నే చూసిన గీతకూ పోలిక పెడితే లేని లీకు కనబడుతుంది, ఉన్న లీకు మాయమవుతుంది. పొద్దున ఇంజన్ ముట్టించక ముందు, కారును రోజూ పెట్టే చదునైన చోటే చూడాలి. ట్యాంకు మీద మార్కర్‌తో సన్నని గీత, పక్కన తేదీ, ఓడోమీటర్ అంకె, ఫోన్లో ఒక ఫొటో. రెండు వారాలకోసారి ఇలా చేస్తే చాలు. సర్వీస్ సెంటర్‌లో ఎవరితోనూ వాదించే పని ఉండదు.

ట్యాంకు కూడా అబద్ధం చెప్పగలదు. కొన్ని కార్లలో మూత రేడియేటర్ మీద ఉంటుంది, పక్కనున్న ట్యాంకు ఒత్తిడి లేని మామూలు డబ్బా. వేడెక్కినప్పుడు ఎక్కువైన కూలెంట్ అందులోకి పొంగుతుంది, చల్లారినప్పుడు మూతలోని చిన్న రెండో వాల్వు దాన్ని వెనక్కి పీల్చుకోనిస్తుంది. ఆ చిన్న వాల్వు అతుక్కుపోతే పొంగినది పొంగినట్టే ఉండిపోతుంది. డబ్బా నిండుగా, రేడియేటర్ వెలితిగా! పొద్దున పై హోస్ పైపు చప్పిడిగా లోపలికి పీల్చుకుపోయి కనబడితే అనుమానించాల్సింది ఈ వాల్వునే. ఇంకొన్ని కార్లలో ట్యాంకే ఒత్తిడిలో ఉంటుంది, మూత దాని మీదే ఉంటుంది. మీది ఏ రకమో తెలుసుకోవడం మొదటి పని. మొదటి రకం డబ్బాలోంచి నెలల తరబడి నాలుగు చుక్కల నీళ్లు ఆవిరైపోవడం సాధ్యమే, అంతవరకు మన ఊరి మాటను ఒప్పుకుంటాను. కొద్ది వారాల్లో రెండు వేళ్ల మందం తగ్గడం అలా జరగదు.

సరే, కారుతోంది. మరి కారు కింద తడి ఎందుకు లేదు?

ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది వెతకడం మానేస్తారు. మా చిన్నాన్న కొత్త కారు విషయంలో జరిగింది ఇదే. మూడు నెలల్లో ట్యాంకు మట్టం పదే పదే దిగింది, ఇంటి ముందు బండల మీద చుక్క లేదు. "కింద తడి లేదు సార్, ఎండకు పోయింటాది" అన్నారు సర్వీస్ సెంటర్‌లో. ఊళ్లో పాత మెకానిక్ ఒకాయన బానెట్ ఎత్తి, టార్చి పట్టుకుని, పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూశాడు. వాటర్ పంపు కింది అంచున సన్నని రంధ్రం ఉంది. దాని కింద గులాబీ రంగు పొడి, అగ్గిపుల్ల పొడవున చార కట్టి ఉంది. గోటితో గీకి చూపించాడు. "ఇదో అన్నా, మీ ఎండ."

ఆవిరైంది నిజమే. బయటికొచ్చాక ఆవిరైంది! నూరు డిగ్రీల వేడి మీదున్న అల్యూమినియం మీద పడ్డ చుక్క నేలను చేరేదాకా ఆగదు. పొడిగాలి ఉన్న మన ఊళ్లో అయితే మరీ తొందర. నీళ్లు ఎగిరిపోతాయి గానీ కూలెంట్‌లోని రంగు, రసాయనాలు ఎగరవు. అవి గులాబీ, పచ్చ, నీలం, తెలుపు పొడిగానో జిగురుగానో అక్కడే పెచ్చు కడతాయి. కాబట్టి కారు కింద చూడటం కంటే ఇంజన్ మీద మరకలు చూడటమే అసలు పని. పంపు కింద ఆ రంధ్రాన్ని కావాలనే పెడతారు. లోపలి సీలు పాడైతే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికొచ్చి కనబడాలని. కొత్త సీలు కుదురుకునేదాకా ఒకటి రెండు చుక్కలు రావడం మామూలే. చార పొడవు పెరుగుతుంటే పంపు మార్చాలి.

చూడాల్సిన చోట్లు ఇంకా కొన్ని ఉన్నాయి. హోస్ పైపులు ఇంజన్‌కు అతికే చోట క్లిప్పులు: రబ్బరు, లోహం ఒకేలా సాగవు, ముడుచుకోవు కాబట్టి డిసెంబరు తెల్లవారుజామున కారి, ఇంజన్ వేడెక్కగానే ఆగిపోయే లీకులు ఉంటాయి. రేడియేటర్ పక్కలు: ఇప్పటి రేడియేటర్లలో మధ్యలో అల్యూమినియం, పక్కల ప్లాస్టిక్ తొట్లు, రెండింటి మధ్య రబ్బరు, ఆ అతుకు వెంబడి పెచ్చు కడుతుందేమో చూడాలి. నలభై నాలుగో నంబరు హైవే మీద లారీ వెనక వెళ్తున్నప్పుడు ఎగిరొచ్చే కంకర రాయి రేడియేటర్‌కు తగిలే అవకాశం కూడా ఉంది, దానికి కంపెనీని అనలేం. ఇక చాలామందికి తట్టనిది డాష్‌బోర్డు వెనకున్న హీటర్. అనంతపురంలో హీటర్ ఎవరు వేస్తారు అనకండి. మనం వేయకపోయినా అది అక్కడ ఉంటుంది, చాలా కార్లలో కూలెంట్ దాంట్లోంచి తిరుగుతూనే ఉంటుంది. కాళ్ల కింద మ్యాటు తడిగా, జిగటగా ఉండి, కారులో తీపి వాసన వస్తే అది ఏసీ నీళ్లు కాదు. ఏసీ నుంచి కారేది వట్టి నీళ్లు: రంగు ఉండదు, వాసన ఉండదు, వేళ్ల మధ్య జారుడు ఉండదు.

కళ్లకు దొరకనిదాన్ని పట్టడానికి ప్రెషర్ టెస్ట్ ఉంది. చల్లారిన ఇంజన్ మూత తీసి, ఆ స్థానంలో గేజు ఉన్న చేతిపంపు బిగిస్తారు. మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా గాలి కొట్టి, పావుగంట వదిలేస్తారు. ముల్లు కదలకపోతే బయటి లీకు అనుమానం చాలావరకు తగ్గుతుంది. దిగితే ఎక్కడ తడి ఊరుతుందో వెతుకుతారు. అదే పంపుకు మూతను బిగించి దాని ఒత్తిడిని కూడా విడిగా పరీక్షించవచ్చు. ఖరీదైన పనిముట్టేమీ కాదు ఇది, మంచి గ్యారేజీలన్నింటిలో ఉంటుంది. అయినా అడగనిదే తీయరు. ఇంకా దొరక్కపోతే కూలెంట్‌లో మెరిసే రంగు కలిపి, కొన్ని రోజులు నడిపి, అతినీలలోహిత దీపం కింద చూస్తారు. కారిన చోటు పచ్చగా మెరుస్తుంది.

బయట ఎక్కడా లేకపోతే లోపలికి పోతున్నట్టు. హెడ్ గ్యాస్కెట్ సందులోంచి సిలిండర్‌లోకి చేరిన కూలెంట్ పొగగొట్టంలోంచి తెల్లగా వస్తుంది. చలిదేశాల్లో పొద్దున్నే తెల్లని ఆవిరి ప్రతి కారుకూ వస్తుంది కాబట్టి అక్కడ ఈ గుర్తును అంతగా నమ్మరు. మన దగ్గర ఏప్రిల్ పట్టపగలు, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంజనాయిల్ మూత కింద పాలమీగడ రంగు నురగ, ట్యాంకులో ఆగని బుడగలు కూడా ఇదే కథ చెప్తాయి. తేల్చడానికి నీలం ద్రవం పరీక్ష ఒకటి ఉంది: ట్యాంకు పైనున్న గాలిని ఆ ద్రవంలోంచి పీలుస్తారు, ఇంజన్‌లో మండిన వాయువు అందులో ఉంటే ద్రవం పసుపుకు తిరుగుతుంది. డీజిల్ కార్లలో మరో చోటు ఉంది, పొగను చల్లబరిచి తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్. 2018లో దక్షిణ కొరియాలో బిఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరుసగా మంటలంటుకుంటే, దర్యాప్తులు చివరికి వేలు చూపించింది ఈ కూలర్ నుంచి కారిన కూలెంట్ మీదికే. అది మసితో కలిసి పేరుకుపోయి, వేడి పొగకు రాజుకుంది. కూలెంట్ తగ్గడం అన్నిసార్లూ వేడెక్కడంతోనే ముగియదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇప్పుడు "కాసిన్ని నీళ్లు పొయ్యి" అన్న సలహా దగ్గరికి వద్దాం. ఇక్కడ కాసిన్ని నీళ్లంటే బోరు నీళ్లే. నల్లరాతి పొరల్లో వందల అడుగుల లోతు నుంచి వచ్చే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి, చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ కూడా. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు నాలుగు నెలల్లో తెల్లగా బొప్పి కట్టడం చూడని ఇల్లు ఉండదు. అదే పని ఇంజన్ లోపల జరుగుతుంది. వేడి తగిలిన చోట బైకార్బొనేట్లు సున్నంగా మారి గోడకు అంటుకుంటాయి. ఆ సున్నం పొర అల్యూమినియంతో పోలిస్తే వేడిని పోనిచ్చేది సుమారు వందో వంతే. రేడియేటర్ గొట్టాల మందం సుమారు రెండు మిల్లీమీటర్లు. అందులో పొర కట్టడానికి ఎంత చోటుందో ఊహించుకోండి.

దీనికి ఇంకో మెలిక ఉంది, అది నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచింది. తుప్పును ఆపడానికి జపాన్, కొరియా కంపెనీలు తమ కూలెంట్లలో ఫాస్ఫేట్లు వాడతాయి. యూరప్‌లో నీళ్లు గట్టివి, అంటే ఇలాంటి లవణాలు ఎక్కువున్నవి కాబట్టి అక్కడి కంపెనీలు ఫాస్ఫేట్‌ను పక్కనపెట్టి సిలికేట్ల వైపు వెళ్లాయి. కారణం సులువే: ఫాస్ఫేట్ ఉన్న కూలెంట్‌లో కాల్షియం నీళ్లు పోస్తే రెండూ కలిసి కాల్షియం ఫాస్ఫేట్‌గా అడుగుకు చేరతాయి. సన్నని గొట్టాలు పూడిపోతాయి, తుప్పును ఆపాల్సిన రసాయనం ఖర్చయిపోతుంది. హ్యుందయ్, కియా కార్ల మాన్యువళ్లలో ఈ హెచ్చరిక అచ్చంగా ఉంటుంది: డిస్టిల్డ్, డీఅయొనైజ్డ్ లేదా మెత్తని నీళ్లు మాత్రమే వాడాలి, కర్మాగారంలో నింపిన కూలెంట్‌లో గట్టి నీళ్లు ఎప్పుడూ కలపకూడదు. ఎర్రమంచి ప్లాంటుకు నీళ్లు వచ్చేది గొల్లపల్లి జలాశయం నుంచి, అవి హంద్రీనీవా కాలువ ద్వారా వచ్చే కృష్ణా నీళ్లు. కారు తయారైంది కృష్ణా నీళ్లతో. మనం ఇంటికి తెచ్చి పోసేది బోరు నీళ్లు!

ఉప్పగా ఉండే చవుడు నీళ్లయితే మరీ ఘోరం. వాటిలోని క్లోరైడ్ అల్యూమినియాన్ని చుక్కలు చుక్కలుగా తొలుస్తుంది. చిన్న లీకుకు జవాబుగా పోసిన నీళ్లు పెద్ద లీకును తెచ్చిపెడతాయి. పైగా ప్రతిసారీ నీళ్లే పోస్తుంటే సగం గ్లైకాల్ కాస్తా పావు అవుతుంది, మరిగే డిగ్రీ దిగుతుంది. వారంటీ అడిగే రోజున రేడియేటర్‌లో సున్నం కనబడితే తప్పు మన మీదికే వస్తుంది. అంతకంటే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ సీసా, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్ డబ్బా కారులో పడేసి ఉంచుకోవడం మేలు. బ్యాటరీ యాసిడ్ కూడా ఇలాంటి సీసాల్లోనే అమ్ముతారు, లేబుల్ చదివి తీసుకోండి.

దారిలో టెంపరేచర్ దీపం ఎర్రగా వెలిగితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజన్ ఆపేయండి. మీటర్ ముల్లును అతిగా నమ్మొద్దు. చాలా కార్లలో 75 నుంచి 105 వరకు అది నడిమధ్యనే నిలబడేలా చేసి ఉంటారు, కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ గాలిలో తేలితే తప్పు లెక్క కూడా చెప్తుంది. మూత ముట్టుకోవద్దు. ఒత్తిడిలో 110 డిగ్రీలున్న కూలెంట్ మూత తీసిన క్షణంలో ఆవిరిగా ఎగసి ముఖం మీదికొస్తుంది. అర్ధగంటైనా చల్లారనివ్వాలి. ఇక మరీ దిక్కులేని చోట, పట్టణం చేరడానికి, అందిన నీళ్లు పోసుకోక తప్పదు. చేరాక మాత్రం మొత్తం కడిగించి కొత్త కూలెంట్ నింపించాలి.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లినప్పుడు "కూలెంట్ తగ్గింది, టాపప్ చేయండి" అని అడగకండి. "కూలెంట్ తగ్గుతోంది, ప్రెషర్ టెస్ట్ చేసి కారణం రాయండి" అని జాబ్ కార్డులో రాయించండి. మీ ఫొటోల తేదీలు, కిలోమీటర్లు దానికి జతచేయండి. కారణం దొరక్కుండా మూడోసారి టాపప్ చేయించుకున్నారంటే వారంటీ గడువు మీకు తెలియకుండా కరిగిపోతున్నట్టే.

ఆఖరుగా ఒక విన్నపం. గ్యారేజీలో దించిన పాత కూలెంట్‌ను, ఇంట్లో కారిన మడుగును మట్టిలో, కాలువలో వదిలేయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. మూత్రపిండాల్లో గాజుపెంకుల్లాంటి స్ఫటికాలు కట్టించి చంపుతుంది. పెద్ద మనిషికైనా సుమారు వంద మిల్లీలీటర్లు ప్రాణాంతకం. ఎండాకాలం మన ఊళ్లలో కుక్కలు, మేకలు, గొర్రెలు ఎక్కడ తడి కనబడితే అక్కడికి వస్తాయి. మడుగును గుడ్డతో అద్ది పూర్తిగా తీసేయండి, దించినదాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి గ్యారేజీకి అప్పగించండి, పిల్లల చేతికి అందే చోట పెట్టకండి.